కుక్క గొంతులో ఎముకా? దగ్గా?



కుక్క ఖళ్ళు ఖళ్ళున దగ్గుతుంది. మెడ ముందుకు చాస్తుంది. కక్కబోయినట్టు చేస్తుంది. చివరికి కాస్త తెల్లటి నురగ పడుతుంది. చూసినవాళ్ళు ఏమంటారు? "గొంతులో ఎముక ఇరుక్కుంది" అంటారు. నోరు తెరిచి వేలు పెడతారు. కుక్క కరుస్తుంది. లేని ఎముక కోసం ఎంత తిప్పలు!

ఎముక ఇరుక్కోవడం అసలు ఉండదని కాదు. కానీ ఒకే వారంలో నాలుగు కుక్కలకు ఇరుక్కుంటుందా? ఒకదాని తర్వాత ఒకటి దగ్గుతోందంటే అది అంటుదగ్గు. దీన్ని కెన్నెల్ కాఫ్ అంటారు. కెన్నెల్ అంటే కుక్కల్ని ఉంచే కొట్టం. కుక్కల్ని గుంపుగా ఉంచిన చోట ఇది త్వరగా పాకుతుంది. అందుకే ఆ పేరు.

దీనికి కారణం ఒక్క క్రిమి కాదు. కొన్ని వైరస్‌లు, బోర్డెటెల్లా అనే క్రిమి కలిసి తెస్తాయి. పిల్లలకు కోరింత దగ్గు తెచ్చే క్రిమి ఈ బోర్డెటెల్లాకు దగ్గరి చుట్టమే. దగ్గు తుంపర్లతో అంటుకుంటుంది. నీళ్ళ గిన్నెతో అంటుకుంటుంది. ఊడ్చే చీపురుతో, చేతులతో, చీర కొంగుతో కూడా వెళ్తుంది. అంటిన 3 నుంచి 10 రోజుల్లో దగ్గు మొదలవుతుంది.

కుక్కల కొట్టాలు కడిగే పని చాలాచోట్ల ఆడవాళ్ళదే. రోగం ఆగేదీ, పాకేదీ ఆ చేతుల్లోనే ఉంది. ముందు బాగున్న కుక్కల గది కడగాలి. దగ్గే కుక్కల గది చివర కడగాలి. వాటి గిన్నె వేరు, చీపురు వేరు. పెంట తీసి, సబ్బునీళ్ళతో కడిగాకే బ్లీచింగ్ నీళ్ళు పోయాలి. పెంట మీదే పోస్తే బ్లీచింగ్ దండగ. నేల ఆరాకే కుక్కల్ని వదలాలి. ఉచ్చ ఘాటు ముక్కుకు కొడుతోందా? అయితే గాలి చాలడం లేదన్నమాట. ఆ ఘాటుకు దగ్గు ఎక్కువవుతుంది. కొత్తగా వచ్చిన కుక్కను 2 వారాలు విడిగా ఉంచాలి. మెడతాడు పట్టి లాగకూడదు. లాగితే మళ్ళీ దగ్గు.

చాలా కుక్కలకు రెండు మూడు వారాల్లో తగ్గిపోతుంది. తిండి మానేసినా, డొక్కలు ఎగరేస్తున్నా, ముక్కులో చిక్కటి చీమిడి కారుతున్నా పశువుల డాక్టరుకు చూపించాలి. చిన్న కుక్కపిల్లలకు న్యుమోనియా వచ్చి ప్రాణం పోవచ్చు. ఇంట్లో ఉన్న జ్వరం బిళ్ళ వెయ్యకండి. పారాసిటమాల్ కుక్కకు విషం కావచ్చు.

దగ్గుతో పాటు కళ్ళ పుసులు, ఫిట్స్ కూడా ఉంటే అది డిస్టెంపర్ కావచ్చు. అది ప్రాణాంతకం. 2018లో గుజరాత్ గిర్ అడవిలో సింహాలకూ సోకింది. కుక్కపిల్లకు 6 నుంచి 8 వారాల వయసులో దీని టీకా మొదలుపెట్టాలి. 16 వారాలు వచ్చేదాకా 3, 4 వారాలకోసారి మళ్ళీ వేయించాలి.

"పిచ్చికుక్క రోగానికి సూది వేయించాం కదా" అంటారు కొందరు. అది వేరు, ఇది వేరు. కెన్నెల్ కాఫ్‌కు ముక్కులో వేసే చుక్కల మందు కూడా ఉంది. కుక్కను ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పుడు మూడింటి గురించీ డాక్టరును అడగండి.