యాదృచ్ఛిక సమావేశములు, దైవసంకల్పము
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



“ఏదో అనుకొనకుండ జరిగినది” అను మాటను మనము దినమునకు పదిమార్లు పలుకుచుందుము. అదే సంగతిని భక్తుడు “దైవసంకల్పము” అనును. ఈ రెండు మాటలకు నడుమ ఎంత దూరమున్నదో నేడు కొంత విచారింపదలచితిమి. మన సంఘమున పలు మతములవారున్నారు. కావున మతబోధ మా ఉద్దేశము గాదు. వేలూరు, గుడియాత్తము ప్రాంతములలో తరతరములుగా కాపురమున్న మనకందరకు తెలిసిన ఒక ఆసుపత్రి చరిత్రనే ఆధారముగ గైకొందుము.

న్యూయార్కు నగరమున జాన్ స్కడ్డరు అను వైద్యుడుండెను. ఒకనాడు రోగిని చూడబోయి, లోనికి పిలుపు వచ్చువరకు కూర్చున్నచోట ఒక చిన్న పుస్తకము ఆయన చేతికి తగిలెను. క్రీస్తు సువార్త వినని దేశములను గూర్చి వ్రాసిన పుస్తకమది. ఆ మాటలు ఆయన మనస్సును వదలలేదు. బాగుగ సాగుచున్న వృత్తిని విడిచి, 1819లో సతీసమేతుడై సింహళమునకు ఓడ యెక్కెను. 1836లో మద్రాసు చేరెను. ఆయన కుమారులు 1853లో ఆర్కాటు మిషనును నెలకొల్పిరి. 1870లో రాణిపేటలో జన్మించిన ఐడా స్కడ్డరు ఆయన మనుమరాలే.

ఐడాకు మిషను సేవయందు ఇష్టము లేకుండెను. అమెరికాలో చదువుకొని, జబ్బుపడిన తల్లికి తోడుగ తిండివనమునకు వచ్చినది. మరల పోవలెననియే ఆమె కోరిక. ఒక రాత్రి ఒకరి తరువాత ఒకరుగ ముగ్గురు పురుషులు ఆ యింటి తలుపు తట్టిరి. ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు మహమ్మదీయుడు, మరియొకరు వేరొక కులపు హిందువు. ముగ్గురి భార్యలును ప్రసవవేదన పడుచుండిరి. ఐడా తండ్రి వైద్యుడే. కాని పరపురుషుడు తమ స్త్రీలను తాకుటకు వారు సమ్మతింపలేదు. ఐడాకు వైద్యము రాదు. తెల్లవారునప్పటికి ముగ్గురు స్త్రీలును మరణించిరి.

ఇచట మనము తొందరపడరాదు. ఒక యువతిని వైద్యురాలిని చేయుటకై దేవుడు ఆ ముగ్గురిని బలిగొనెనని చెప్పుటకు మాకు నోరు రాదు. ఆ మూడిండ్లలో ఏడ్చినవారి యెదుట అనలేని మాటను సభలో అనుట ధర్మము గాదు. ఆ ప్రాణములు పోయినది ఆచారము వలనను, స్త్రీ వైద్యురాలు లేని కొరత వలనను. దైవసంకల్పమను మాటను మేము దాని తరువాతి కథకే వాడుదుము. ఆ రాత్రి విన్న తలుపు చప్పుడును ఐడా మరువలేదు. తన కోరికను మార్చుకొని, అమెరికాకు పోయి, 1899లో కార్నెలు విశ్వవిద్యాలయమున వైద్యపట్టము పొందినది.

అప్పుడు వేలూరున స్త్రీల ఆసుపత్రికై 8,000 డాలర్లు ప్రోగుచేయుమని ఇచటినుండి ఆమెకు వర్తమానము వచ్చెను. ప్రయాణపు దినములు దగ్గరపడినవి, ధనము సమకూడలేదు. న్యూయార్కున టేబరు అను మిషనరీ సంఘ ప్రముఖురాలి యింట ఆమె ఈ సంగతి విన్నవించుచుండగా, ప్రక్కగదిలోనున్న షెల్ అను ధనికుడు ఆ మాటలు వినెను. మరునాడు ఆమెను పిలిపించి, గతించిన తన భార్య పేరిట 10,000 డాలర్లిచ్చెను. 1902లో వేలూరున తెరచిన 40 పడకల మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి ఆ దానఫలమే.

ప్రక్కగదిలో నొకరుండుట యాదృచ్ఛికము. కాని ఒక్కనాటి దానముతో ఆసుపత్రి నడువదు. మన ఊరి పేరు పలుకనైన రాని స్త్రీలెందరో సముద్రమున కావలనుండి తమ సంఘముల ద్వారా చిన్న చిన్న కానుకలు పంపుచుండిరి. ఐడా గుడియాత్తము బాటన పోవుచు, త్రోవప్రక్క చెట్లక్రింద కాచుకొన్న రోగులకు మందులిచ్చుచుండెను. ఆ సీసాలలో వారి కానుకలును కలిసియుండెను. 1918లో స్త్రీల వైద్యపాఠశాల వెలసెను. 1947నుండి పురుషులకును ప్రవేశము కలిగెను. 1960లో ఐడా మరణించినది. సంస్థ సాగుచునే యున్నది.

విదేశమున సేవచేయువారిని పోషించుట పాశ్చాత్యుల పనియే యని తలపరాదు. 1860లో మద్రాసునుండి మొదటి ఓడ దక్షిణాఫ్రికాలోని నేటాలునకు కూలీలను కొనిపోయెను. తరువాతి సంవత్సరములలో మన ఉత్తరార్కాటు జిల్లానుండియు, తెలుగు జిల్లాలనుండియు వేలమంది అచటికి వెళ్లిరి. 1903లో తెలుగు బాప్తిస్టులు జాన్ రంగయ్య అను బోధకుని వారి కడకు పంపిరి. ఆయన కేర్స్నీలో తెలుగు బాప్తిస్టు సంఘమును స్థాపించి, 1915లో మరణించువరకు అచటి తెలుగువారి నడుమ పనిచేసెను. తెలుగు బాప్తిస్టులలో పలువురు కూలినాలి చేసికొని బ్రదుకువారు. ధనమున్నవాడే పంపగలడను మాటకు ఇంతకన్న మంచి జవాబు లేదు.

ఇక మన సంగతి. నేడును మన సి.ఎం.సి. ఆసుపత్రికి చిత్తూరునుండి, రాయలసీమనుండి, ఇంకను దూరపు తెలుగు జిల్లాలనుండి రోగులు వచ్చుచున్నారు. వారిలో అరవము రానివారు పలువురు. చేతిలో చీటీ పట్టుకొని, ఏ కిటికీకడ నిలువవలెనో తెలియక తెలుగున త్రోవ అడుగువారు మనకెదురగుచునే యున్నారు. అరవమును తెలుగును తల్లిభాషలవలె నెరిగిన మనము వారికి అనుకొనకుండ ఎదురగుచున్నాము. ఈ యెదురుపాటు దైవసంకల్పమా కాదా యని మీరు మమ్ము అడిగిన, జవాబు మన కాళ్లయందున్నదని చెప్పుదుము: నిలిచినచో అగును, దాటిపోయినచో వట్టి యాదృచ్ఛికమే.

కావున మా మనవి రెండు మాటలు. మన కుటుంబములలో తీరికయున్నవారు వారమున కొక పూట ఆ రోగులకు త్రోవ చూపుటకును, మాట తెలుపుటకును ముందుకు రావలెను. మన యువకులలో ఎవరైన దూరదేశమునకో, కొండప్రాంతపు ఆసుపత్రికో సేవకై పోయినచో, పూలమాల వేసి పంపి మరచిపోక, నెలకింతయని కానుక పంపవలెను. మొత్తము చిన్నదైనను, తప్పకుండ పోవుటయే ముఖ్యము.