మోకాలి ఆపరేషన్ తర్వాత - మళ్లీ ఆట, మళ్లీ మగ్గం
(తిరుత్తణి కార్మికుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తిరువళ్లూరు, తిరుత్తణి వైపు మగ్గాల మీద బతికే మనలో వయసులో కబడ్డీ, వాలీబాల్ ఆడినవారు ఎందరో ఉన్నారు. యాభై దాటాక మోకాలి ఆపరేషన్ అయినవారు అడిగే ప్రశ్న ఒకటే: "మళ్లీ గ్రౌండులో దిగవచ్చునా?" దిగవచ్చు. అయితే ఏ ఆపరేషనో, ఏ ఆటో చూసుకుని దిగాలి.

మన పుల్లెల గోపీచంద్‌కు 1994లో మోకాలి స్నాయువు తెగింది. ఆపరేషన్లయ్యాయి. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. అప్పటికి ఆయనకు 27 ఏళ్లు. మన వయసుకు మరింత ఓపిక కావాలి. స్నాయువు వేయించుకున్నవారు కబడ్డీకి కనీసం 9 నెలలు ఆగాలి. నొప్పి పోయినా లోపలి కట్టు గట్టిపడడానికి అంతకాలం పడుతుంది.

మోకీలు మార్పించుకున్నవారి సంగతి వేరు. లోహపు భాగాల నడుమ ప్లాస్టిక్ పలక ఉంటుంది. గెంతులు, పట్లు దాన్ని అరగదీస్తాయి. వీరికి నడక, సైకిలు, ఈత మేలు. కబడ్డీ మీద మనసుంటే పిల్లలకు నేర్పండి, రిఫరీగా ఈల ఊదండి.

ముందు తొడ కండ గట్టిపడాలి. వెల్లకిలా పడుకుని, మోకాలు వంచకుండా కాలు జానెడు పైకెత్తి, ఐదు అంకెలు లెక్కపెట్టి దించండి. మెట్లు ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. తిరుత్తణి కొండకు 365 మెట్లు. పదింటితో మొదలుపెట్టండి. మర్నాడు మోకాలు వాస్తే తగ్గించండి. పిక్క వాచి నొప్పెట్టినా, జ్వరమొచ్చినా, గాయం చీము పట్టినా ఆ పూటే ఆస్పత్రికి వెళ్లండి. తిరువళ్లూరులో 2022లో ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది.

ఇక అసలు మాట. మగ్గం ముందు 8 గంటలు నిలబడడం ఆటకన్నా తక్కువ శ్రమ కాదు. చందా రోజులు నిండినవారికి ఈ.ఎస్.ఐ. జబ్బు భత్యం ఏడాదికి 91 రోజులు, అదీ కూలిలో 70 శాతం. చిన్న షెడ్లలో చాలామందికి అదీ లేదు. అందుకే కుంటుతూనే షిఫ్టుకు వస్తున్నారు. ఫిట్ సర్టిఫికెట్ చేతికి రాగానే కాలికి పాత బలం రాదు.

కనుక మూడు కోర్కెలు పెడదాం: ఆపరేషన్ అయినవారికి మొదట తేలిక పని, మగ్గం దగ్గర కూర్చోను స్టూలు, ఫిజియోథెరపీకి వెళ్లిన పూటకు కూలి కోయకపోవడం. ఆపరేషన్ అయిన ప్రతి ఒక్కరూ తమ పేరు యూనియన్ ఆఫీసులో రాయించండి. ఆ జాబితా చేతిలో ఉంటేనే చర్చల్లో మన మాట నిలుస్తుంది.