నెల తప్పిన తల్లి తిండి: భయమెంత? నిజమెంత?

 

ఇంట్లో కోడలు నెల తప్పిందంటే ఎంత సంతోషం! ఆ సంతోషం వెనకాలే భయం కూడా వస్తుంది. ఆ భయం ముందుగా తిండి మీద పడుతుంది.

"బొప్పాయి ముట్టుకోకు" అంటుంది అత్త. "నువ్వులు వేడి, గర్భం నిలవదు" అంటుంది పక్కింటి పెద్దమ్మ. "గుడ్డు కూడా వేడే" అని ఒకరు. "ఎక్కువ తింటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుంది" అని ఇంకొకరు. అందరూ మంచి కోరే చెప్తారు. కానీ పదిమంది పది రకాలు వద్దంటే ఆ పిల్ల కంచంలో మిగిలేది ఏమిటి? చారూ, మెతుకులూ.

మొదటి మూడు నెలల్లో నిజంగా కీడు చేసేది ఏది? ఉత్త భయం ఏది? ఈ రెండూ వేరు చేసి తెలుసుకోవాలి.

బొప్పాయి సంగతి

పచ్చి బొప్పాయికి గాటు పెడితే తెల్లటి పాలు కారతాయి. 2002లో సింగపూర్ శాస్త్రవేత్తలు ఎలుకల మీద పరీక్ష చేసి చూశారు. పచ్చికాయ పాలు తగిలితే ఎలుక గర్భసంచి బిగుసుకుంది. బాగా పండిన పండు రసంతో అలా జరగలేదు. కాబట్టి పెద్దలు భయపడిందాంట్లో కొంత నిజం ఉంది. పచ్చికాయ, దోరకాయ వద్దు. బాగా మాగిన పండు ఒకటి రెండు ముక్కలు తింటే భయం లేదు.

అయినా మనసు ఒప్పుకోకపోతే బొప్పాయి మానేయవచ్చు. జామ ఉంది, అరటి ఉంది, బత్తాయి ఉంది. ఒక్క పండు మానితే నష్టం లేదు. పండ్లన్నీ మానితేనే నష్టం.

నింద ఎవరి మీద?

ఒక కోడలికి రెండో నెలలో గర్భం పోయిందనుకోండి. ముందురోజు ఆమె పేరంటంలో చిమ్మిలి ఉండ తిన్నది. ఇక చూడండి! "తిన్నావు, పోగొట్టుకున్నావు" అంటారు. ఆమె బాధకు తోడు ఈ నింద.

వంటలో తినేపాటి నువ్వులు, బెల్లం గర్భం పోగొడతాయనడానికి ఆధారం లేదు. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగం వేరే కారణం వల్ల పోతాయి. పిండం కట్టినప్పుడే అందులో లోపం ఉంటుంది. అలాంటి పిండం ఎదగలేదు. తల్లి ఏం తిన్నా, ఏం మానినా అది ఆగదు. మిగిలిన వాటికి జ్వరాలు, షుగరు, థైరాయిడ్ లాంటివి కారణం కావచ్చు. అది డాక్టరు తేల్చాల్సిన సంగతి. నిందించిన ఇంట్లో ఆ పిల్ల మళ్లీ నెల తప్పితే భయంతో అన్నం కూడా సరిగా తినదు. నింద వల్ల జరిగే కీడు ఇదీ.

మరి అసలు భయపడాల్సింది దేనికి?

మొదటిది నీళ్లు

చూడ్డానికి తేటగా ఉన్న నీళ్లలో కూడా రోగం ఉండొచ్చు. మురుగు కలిసిన నీళ్ల వల్ల పచ్చకామెర్లు వస్తాయి. అందులో హెపటైటిస్ ఇ అనే రకం ఉంది. మామూలు మనిషికి చాలావరకు అదే తగ్గిపోతుంది. గర్భిణికి అలా కాదు. చివరి మూడు నెలల్లో వస్తే నూటికి 20 నుంచి 25 మంది దాకా చనిపోయే ప్రమాదం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2005లో హైదరాబాదు పాతబస్తీలో ఈ కామెర్లే ప్రబలాయి.

నీళ్లు తెర్లేదాకా కాచాలి. చల్లార్చి, మూత పెట్టి ఉంచాలి. చెయ్యి ముంచకుండా కాడ ఉన్న గరిటెతో తీసుకోవాలి. బస్టాండులో చెరుకురసం, ఐసు, కోసి పెట్టిన పండ్ల ముక్కలు వద్దు. ఆ ఐసు ఏ నీళ్లతో చేశారో ఎవరికి తెలుసు?

కళ్లు పచ్చబడితే పసరు మందు కోసం పరుగెత్తకూడదు. నేరుగా ఆసుపత్రికి పోవాలి.

రెండోది పచ్చివి, సగం ఉడికినవి

పశువులు ఈసుకుపోవడం పల్లెల్లో అందరూ చూసిందే. గేదె, ఆవు, మేక, గొర్రె నెలలు నిండకుండానే ఈసుకుపోతే అందుకు ఒక కారణం బ్రూసెల్లా అనే సూక్ష్మజీవి. అది కాచని పాల ద్వారా మనుషులకు కూడా వస్తుంది. విడవని జ్వరం, కీళ్ల నొప్పులు వస్తాయి. గర్భం పోయే ప్రమాదం కూడా ఉంది. అందుకే గుమ్మపాలు మంచివని అలాగే తాగకూడదు. పాలు పొంగేదాకా కాచాలి. జున్నుపాలు కూడా బాగా ఉడకాలి. ఈసుకుపోయిన పశువు మాయను, దూడను గర్భిణి ముట్టుకోకూడదు. ఆ పని ఇంట్లో వేరేవాళ్లు చేతులకు తొడుగులు వేసుకుని చేయాలి.

గుడ్డు మానొద్దు. పచ్చసొన గట్టిపడేదాకా ఉడికించి తినాలి. సగం ఉడికింది వద్దు. మాంసం, చేపలు లోపలి దాకా ఉడకాలి. పచ్చి మాంసం కోసిన కత్తితో, పీటతో కూరగాయలు తరగకూడదు. ముందు సబ్బుతో కడగాలి.

మూడోది మురికి, నిల్వ

ఆకుకూరలు, కొత్తిమీర, దోసకాయ రెండు మూడు నీళ్లలో కడగాలి. పెరట్లో పిల్లులు తిరుగుతుంటే ఇంకా జాగ్రత్త. పిల్లి విసర్జన కలిసిన మట్టి వల్ల వచ్చే ఒక రోగం కడుపులో బిడ్డకు కీడు చేస్తుంది. మట్టి పని చేశాక, దొడ్డికి వెళ్లొచ్చాక, వంటకు ముందు, అన్నానికి ముందు సబ్బుతో చేతులు కడగాలి.

రాత్రి కూర, చేపల పులుసు బయట పెట్టి తెల్లవారి తినకూడదు. వండింది వేడిగా ఉండగానే తినాలి. వాసన మారిన అన్నం "పారేస్తే పాపం" అని కోడలికే పెట్టొద్దు. కడపట మిగిలింది కోడలు తినడం చాలా ఇళ్లలో ఉంది. కడుపుతో ఉన్న పిల్ల ముందు తినాలి.

పురుగుమందు డబ్బా ఎంత కడిగినా నీళ్లకు, నూనెకు పనికిరాదు. మందు కొట్టే చేలోకి గర్భిణి పోకూడదు. కల్లు, సారా, చుట్ట, గుట్కా ఏవీ వద్దు. తలనొప్పి బిళ్ల అయినా డాక్టరును అడక్కుండా మింగకూడదు.

మట్టి తినాలనిపిస్తే

కొందరికి మట్టి, సుద్ద, పచ్చి బియ్యం తినాలనిపిస్తుంది. కొందరు బలపాలు కొరుకుతారు. బలపం ఉన్నది పలక మీద రాయడానికి! ఇది సిగ్గుపడే సంగతి కాదు, దాచే సంగతీ కాదు. చాలాసార్లు ఒంట్లో రక్తం తక్కువైతే ఇలా అవుతుంది. మట్టి తింటే కడుపులో పురుగులు పడతాయి, రక్తం ఇంకా తగ్గుతుంది. ఎ.ఎన్.ఎం.కు చెప్పి రక్తపరీక్ష చేయించుకోవాలి. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గకూడదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో దేశంలో నూరు మంది గర్భిణుల్లో 52 మందికి రక్తం తక్కువగా ఉంది. తిండి అనవసరంగా మాన్పిస్తే ఈ లెక్క తగ్గుతుందా?

ఎంత తినాలి? ఏం తినాలి?

మొదటి మూడు నెలలు ఇద్దరి తిండి తినక్కర్లేదు. మామూలు తిండి మానకుండా తింటే చాలు. నాలుగో నెల నుంచి పెంచాలి. వేవిళ్లు ఉంటే కొంచెం కొంచెంగా ఐదారుసార్లు తినాలి. పొద్దున లేవగానే గుప్పెడు మరమరాలో, అటుకులో నమిలితే కడుపు కుదుటపడుతుంది.

పప్పు, తోటకూర, మునగాకు, రాగి జావ, పల్లీలు, గుడ్డు, పాలు. ఇవే బలం. ఆకుకూర మీద నిమ్మరసం పిండితే ఇనుము బాగా ఒంటబడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే అది ఒంటబట్టదు.

బిడ్డ మెదడు, వెన్నుపాము మొదటి నెలలోనే రూపు కడతాయి. అందుకు ఫోలిక్ యాసిడ్ కావాలి. నెల తప్పగానే, వీలైతే బిడ్డ కావాలనుకున్నప్పుడే, రోజుకు ఒక ఫోలిక్ యాసిడ్ బిళ్ల మొదలుపెట్టాలి. నాలుగో నెల నుంచి ఇనుము బిళ్లలు 180 రోజులు వేసుకోవాలి. దొడ్డి నల్లగా అయితే భయపడొద్దు, అది ఇనుము రంగే.

ఎప్పుడు ఆగకూడదు?

రక్తం కనిపించినా, పొత్తికడుపులో నొప్పి ఆగకపోయినా, జ్వరం వచ్చినా, గుక్కెడు నీళ్లు కూడా నిలవకుండా వాంతులైనా, మూత్రం తగ్గినా ఆలస్యం చేయొద్దు. 108కి ఫోన్ చేయాలి.

ఇంకొక్క మాట. ఈ జాగ్రత్తలన్నీ ఎవరు చేయాలి? నీళ్లు కాచేది, గిన్నెలు తోమేది, పాలు పొంగించేది వేవిళ్లతో ఉన్న ఆ పిల్లేనా? మొగుడు బిందె ఎత్తవచ్చు. అత్త పొయ్యి దగ్గర కూర్చోవచ్చు. మామ బజారు నుంచి ఆకుకూర తేవచ్చు. బిడ్డ అందరిదీ, పని కూడా అందరిదీ.

అక్షరాలు నేర్చుకున్నది ఇందుకే. రొట్టె పొట్లం మీద గడువు తేదీ చదవండి. బిళ్లల అట్ట మీద పేరు చదవండి. తల్లీబిడ్డల రక్షణ కార్డులో హిమోగ్లోబిన్ ఎంత రాశారో చదవండి. 11 కంటే తక్కువుంటే అడగండి. ఈసారి ఎవరైనా "అది తినొద్దు" అంటే "ఎందుకు?" అని నిదానంగా అడగండి. సరైన కారణం ఉంటే మానండి. లేకపోతే కడుపునిండా తినండి.