తీర్పు వాళ్ళకే వచ్చింది, గాలిమరలు మాత్రం ఆగలేదు

(యువజన శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



అనంతగిరి మండలంలో పెదకోట, కొయ్యూరు వైపు ఎర్రవరం, సాలూరు వైపు కురుకుట్టి, కర్రివలస. ఈ పేర్లు మీరు వింటూనే ఉన్నారు. పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టులు వస్తాయంటున్న చోట్లు ఇవి. ఆ ఊళ్ళవాళ్ళు వద్దని నోరు తెరిస్తే ఎదురయ్యే మొదటి ప్రశ్న కూడా మీకు తెలుసు. "పొగలేని కరెంటు కూడా వద్దంటారా? భూమి వేడెక్కిపోతోందని మీరే కదా అంటారు?" ఫోన్లో అడుగుతారు, బస్సులో అడుగుతారు, చదువుకున్న మన బంధువులే అడుగుతారు. ఇదే ప్రశ్న మనకంటే ముందు ఇంకొక ఆదివాసీ జాతిని అడిగారు. వాళ్ళేం చెప్పారో, చెప్పాక ఏం జరిగిందో మీరు వినాలి.

నార్వే దేశం మధ్యభాగంలో సముద్రం పక్కన ఫోసెన్ అనే కొండ ప్రాంతం ఉంది. అక్కడ సామి ప్రజలు రెయిన్‌డీర్లను మేపుతారు. రెయిన్‌డీర్ అంటే మంచు దేశాల్లో ఉండే పెద్ద కొమ్ముల జింక. మనకి ఆవూ మేకా ఎలాగో వాళ్ళకది అలాగ. చలికాలంలో నేలంతా మంచు కప్పేస్తే ఈ జింకలు ఏం తింటాయి? గాలి గట్టిగా వీచే కొండ నెత్తికి ఎక్కుతాయి. అక్కడ గాలికి మంచు పలచబడుతుంది, గిట్టలతో తవ్వుకుని అడుగున ఉన్న పాచి తింటాయి. మందకి గడ్డు ఏడాదిలో ప్రాణం నిలబెట్టేవి ఆ కొండలే. గాలిమరలు పెట్టే కంపెనీకి కావలసింది కూడా గాలి గట్టిగా వీచే కొండలే. గొడవంతా ఇక్కడే.

స్టోర్‌హెయా, రోవాన్ అనే రెండు చోట్ల గాలిమరలకి 2010లో లైసెన్సు ఇచ్చారు. సామి వాళ్ళు మొదటి రోజు నుంచీ వద్దన్నారు. మంత్రిత్వ శాఖకి అప్పీలు పెట్టారు, 2013లో కొట్టేశారు. కోర్టుకెళ్ళారు. కేసు నడుస్తుండగానే రోడ్లు పడ్డాయి, కొండలు తొలిచారు. జాతి వివక్ష మీద పనిచేసే ఐక్యరాజ్యసమితి కమిటీ 2018 డిసెంబరులో నార్వే ప్రభుత్వాన్ని పని ఆపమని కోరింది. ఆపలేదు. రెండు చోట్లా కలిపి 151 గాలిమరలు నిలబడ్డాయి, కరెంటు అమ్మడం మొదలైంది.

కింది కోర్టు ఏమందో వినండి. ఇది మీకు బాగా తెలిసిన మాటలాగే ఉంటుంది. జింకలు ఆ కొండ ఎక్కడం మానేస్తే చలికాలంలో దొడ్డిలో కట్టి, గడ్డి కొని పెట్టుకోండి, దానికి డబ్బు ఇప్పిస్తాం అంది. దాదాపు 9 కోట్ల నార్వే క్రోనర్లు లెక్క కట్టింది. సామి వాళ్ళు ఆ లెక్కని ఒప్పుకోలేదు.

2021 అక్టోబరు 11న నార్వే సుప్రీంకోర్టు 11 మంది జడ్జీలతో ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఆ లైసెన్సులు చెల్లవంది. దొడ్డిలో గడ్డి పెట్టి మేపడం సామి సంస్కృతి కాదు, ఆ లెక్క వేయడమే తప్పంది. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో 27వ అధికరణం అల్పసంఖ్యాక జాతులకి తమ సంస్కృతిని తాము అనుభవించే హక్కు ఇచ్చింది. ఆ ఒడంబడికలో 1979 నుంచి మన దేశం కూడా ఉంది, అది గుర్తుపెట్టుకోండి. మరి వాతావరణం సంగతి? పొగలేని కరెంటు అవసరమే అని కోర్టు కాదనలేదు. సామి వాళ్ళకి ఇంత నష్టం లేని వేరే చోట్లు ఉండగా ఇక్కడే ఎందుకు కట్టారని అడిగింది. మీ బస్సులో ప్రశ్నకి జవాబు అందులో ఉంది. కరెంటు వద్దని ఎవరూ అనలేదు. చోటు ఎవరు నిర్ణయించారు, ఎవర్ని అడిగి నిర్ణయించారు అన్నదే తగాదా.

ఇక్కడ ఒక మాట పక్కన పెట్టి చెప్తాను. గాలిమరలొస్తే కొండ అందం పోతుంది అనేవాళ్ళు నార్వేలో కూడా చాలామంది. సెలవులకి వచ్చి నడిచేవాళ్ళు, కొండల్లో విడిది ఇళ్ళున్నవాళ్ళు. వాళ్ళ బాధ అబద్ధం కాదు, వాళ్ళు మనకి తోడొస్తే మంచిదే. కానీ లైసెన్సు చెల్లదన్నది అందం చూసి కాదు, మంద బతుకు చూసి. అరకు, లంబసింగి ఫోటోలు పెట్టి "ఈ అందాల్ని కాపాడండి" అని మన పిల్లలు కూడా పోస్టులు రాస్తున్నారు. రాయండి. కానీ మబ్బు ఫోటో పక్కన ఆ గెడ్డ నీళ్ళు ఎన్ని ఇళ్ళకి వస్తాయో రాయండి. ఆ వాలులో ఎవరి కాఫీ, ఎవరి మిరియాలు, ఎవరి పోడు ఉందో రాయండి. టూరిస్టు రెండు రోజులుండి పోతాడు, అతని చూపుతో మన కొండని చూపించడం మొదలుపెడితే మనం కూడా ఆ ఫోటోలో బొమ్మలమైపోతాం.

సరే, తీర్పు వచ్చింది కదా, గాలిమరలు విప్పేశారా? లేదు. ఒక్కటీ ఆగలేదు. తీర్పొచ్చి 500 రోజులైన నాడు, 2023 ఫిబ్రవరిలో, సామి యువకులు రాజధాని ఓస్లోలో ఇంధన శాఖ ఆఫీసులో బైఠాయించారు. గాయని ఎల్లా మారీ హెట్టా ఇసాక్సెన్ ముందు నిలబడింది. తమ సంప్రదాయ దుస్తుల్ని లోపలివైపు బయటికి తిప్పి తొడుక్కున్నారు, అది వాళ్ళ నిరసన. పోలీసులు ఎత్తి బయట పడేస్తే వేరే మంత్రిత్వ శాఖల గుమ్మాల ముందు కూర్చున్నారు. వాతావరణ ఉద్యమకారిణి గ్రెటా థన్‌బర్గ్ కూడా వచ్చి వాళ్ళతో కూర్చుంది. అప్పుడు మార్చి మొదట్లో ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. 2023 డిసెంబరులో ఒక మేపరుల బృందంతో, 2024 మార్చిలో రెండోదానితో ఒప్పందాలు జరిగాయి. ఏటా డబ్బు, వేరే చోట మేత భూమి, లైసెన్సు గడువు పొడిగించాలంటే కాదనే అధికారం. గాలిమరలు మాత్రం తిరుగుతున్నాయి. దేశంలో అన్నిటికన్నా పెద్ద కోర్టులో గెలిచినవాళ్ళకి దక్కింది ఇది. ఒప్పుకున్నవాళ్ళని నేను తప్పు పట్టను, ఇరవై ఏళ్ళు కొట్లాడిన మనుషులు వాళ్ళు. కట్టేశాక వచ్చిన తీర్పు ఎంతవరకు పనిచేస్తుందో మాత్రం చూడండి.

మన దగ్గరికి రండి. అనంతపురం జిల్లాలో, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా, కల్పవల్లి అని ఒక చోటు ఉంది. బోడిగుట్టల మీద ఊళ్ళవాళ్ళు టింబక్టు కలెక్టివ్‌తో కలిసి 1990ల నుంచి చెట్లు కాపాడి అడవి చేశారు. గొర్రెలకి మేత, ఈత ఆకు, వాగుల్లో నీళ్ళు వచ్చాయి. రికార్డులో మాత్రం అది బంజరే. నల్లకొండ ప్రాజెక్టు పేరుతో 63 గాలిమరలు, 50.4 మెగావాట్లు అక్కడ వచ్చాయి, రోడ్ల కోసం గుట్టలు కోశారు. గాలి ప్రాజెక్టులకి 2006 పర్యావరణ నోటిఫికేషన్ వర్తించదు కాబట్టి ప్రజాభిప్రాయ సేకరణ కూడా అక్కర్లేదు. అది షెడ్యూల్డ్ ప్రాంతం కూడా కాదు, పీసా లేదు.

ఆ గాలికీ మన కొండకీ సంబంధం ఉంది. మైదానంలో ఎండా గాలీ ఎక్కువున్న వేళ మిగిలిన కరెంటుతో కింది జలాశయం నీళ్ళని పై జలాశయానికి తోడతారు, రాత్రి వదిలి కరెంటు తీస్తారు. దానికి ఎత్తు కావాలి, నీళ్ళు కావాలి, కొండలో సొరంగం కావాలి. ఎత్తూ నీళ్ళూ ఉన్నది మన దగ్గర. సొరంగానికి పేలుళ్ళు చేస్తే ఊటలు ఎటుపోతాయని మన ముసలివాళ్ళు అడుగుతున్నారు. పైపు నీళ్ళు లేని గూడెంలో అదే మొదటి ప్రశ్న.

మన చేతిలో ఉన్నవి తక్కువేం కాదు. 1/70 ఉంది. ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీకి లీజుకివ్వకూడదన్న 1997 సమత తీర్పు ఉంది. 2013 భూసేకరణ చట్టం 41వ సెక్షను షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామసభ ముందస్తు సమ్మతి ఉండాలంటుంది. అదే 2013లో నియంగిరిలో 12 గ్రామసభలు వద్దన్నాయి, బాక్సైటు గని రాలేదు. అక్కడ కొండ ఇంకా తవ్వలేదు, అందుకే వద్దన్న మాట నిలబడింది. ఫోసెన్‌కీ నియంగిరికీ తేడా నాకు అక్కడే కనబడుతుంది. 2022లో అటవీ నియమాలు మార్చి, కేంద్రం అనుమతిచ్చాక గ్రామసభ సంగతి రాష్ట్రం చూసుకుంటుందన్నారు. ముందు అడగాల్సినదాన్ని వెనక్కి నెట్టడం ఎందుకో ఇప్పుడు మీకు చెప్పక్కర్లేదు.

కాబట్టి సర్వే జీపు వచ్చిన రోజే పని మొదలుపెట్టండి. ఏ కాగితంతో వచ్చారో అడిగి ఫోటో తీయండి. 2011 పీసా నియమాల ప్రకారం మీ గూడేనికే గ్రామసభ పెట్టుకోవచ్చు, మండల కేంద్రంలో ఎవరో పెట్టిన మీటింగు దానికి బదులు కాదు. ఏ ఊట ఏ గెడ్డలో కలుస్తుందో, ఎవరు ఎక్కడ మేపుతారో అమ్మమ్మల్నీ తాతల్నీ కూర్చోబెట్టి గీయించండి, తీర్మానంలో రాయించండి. ఖాళీ కాగితం మీద సంతకం, వేలిముద్ర పెట్టనివ్వకండి. అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కు దరఖాస్తు ఇంకా వేయని ఊరుంటే ఈ నెలలోనే వేయండి, రసీదు తీసుకోండి. తీర్మానం కాపీలు మూడు తీసి ఒకటి సర్పంచి దగ్గర, ఒకటి ఐటీడీఏలో, ఒకటి ఊళ్ళో చదువుకున్న ఆడపిల్ల దగ్గర ఉంచండి.