పేరు పెట్టి తలుచుకోవడం

(స్వర్ణోత్సవ సభలో, దివంగతులైన గురువులకు, సహాధ్యాయులకు నివాళి అర్పించిన సందర్భంగా చేసిన ప్రసంగం)



కమిటీ వాళ్ళు ఫోన్ చేసి, "పోయినవాళ్ళ కోసం రెండు నిమిషాలు మౌనం పాటిస్తాం. దానికి ముందు నువ్వు నాలుగు మాటలు చెప్పాలి" అన్నారు. నేనే ఎందుకు అని అడిగితే, "మీ చర్చిలో నవంబర్ నెలంతా అదే పని కదా!" అన్నారు. నవ్వొచ్చింది గాని, మాట నిజమే.

పోయినవాళ్ళను తలుచుకోవడం పాతబస్తీ వాళ్ళకు ఒకరు నేర్పక్కర్లేదు. షబ్-ఎ-బరాత్ రాత్రి మన దోస్తులు దాయిరా మీర్ మోమిన్‌లోనూ, తమ తమ ఖబ్రస్తాన్లలోనూ పెద్దల సమాధుల దగ్గర ఫాతిహా చదువుతారు. పెత్రమాస నాడు పొద్దున పెద్దల పేరున బియ్యం ఇచ్చి, సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ ఆడతారు. మాకు నవంబర్ 2. పుస్తకాల్లో మృతుల స్మరణ దినం అని ఉంటుంది, ఇంట్లో సమాధుల పండుగ అంటాం. చిన్నప్పుడు అమ్మానాన్నలతో నారాయణగూడ సమాధుల తోటకు వెళ్ళేవాణ్ణి. గడ్డి పీకి, సున్నం వేసి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించేవాళ్ళం. ఫాదర్ గారు వరుసల మధ్య నడుస్తూ పవిత్ర జలం చల్లేవారు. పక్కనున్న ఎవరూ రాని సమాధి మీద కూడా అమ్మ ఒక కొవ్వొత్తి పెట్టించేది.

మన మూసారాంబాగ్ పేరు సంగతి మీకు తెలిసిందే. నిజాం అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఫ్రెంచి సేనాని రేమాండ్ పేరు మీద వచ్చింది. గన్‌ఫౌండ్రీకి ఆ పేరు వచ్చింది కూడా ఆయన ఫిరంగుల కార్ఖానా వల్లే. 1798 మార్చి 25న ఆయన పోతే అస్మాన్‌గఢ్ గుట్ట మీద సమాధి కట్టారు. ముస్లింలు మూసా రహీం అన్నారు, హిందువులు మూసా రాం అన్నారు. ఒకప్పుడు ఏటా ఆయన వర్ధంతికి అక్కడ దీపాలు పెట్టి ఉర్సు చేసేవారు. పరదేశి సమాధిని సొంతం చేసుకున్న ఊరు మనది.

అయితే పెద్దవాళ్ళ సమాధి దగ్గరికి మనం సాధారణంగా ఏదో అడగడానికి వెళ్తాం. నవంబర్‌లో మేం చేసేది దానికి తిరకాసు. పోయినవాళ్ళ నుంచి అడగం, పోయినవాళ్ళ కోసం అడుగుతాం. దేవుడి స్నేహంలోనే చనిపోయినా, మనిషిలో ఇంకా కడగవలసింది కొంత మిగిలి ఉంటుందనీ, అది శుద్ధి అయ్యే స్థితి ఒకటుందనీ మా నమ్మకం. దాన్ని ఉత్తరించు స్థలం అంటాం. అక్కడున్నవాళ్ళకు మన ప్రార్థన, మన పూజ, మన దానధర్మం ఆసరా అవుతాయి. మా బైబిలులో మక్కబీయుల రెండవ గ్రంథం ఉంది. అందులో యూదా అనే సేనాపతి యుద్ధంలో పడిపోయిన తన సైనికుల తప్పు క్షమించమని ప్రార్థించి, బలి అర్పణ కోసం 2,000 వెండి నాణేలు పోగుచేసి యెరూషలేముకు పంపుతాడు. 387లో ఇటలీలోని ఓస్తియా రేవులో పునీత మోనికమ్మ చనిపోతూ, తన శరీరాన్ని ఎక్కడ పాతిపెట్టినా ఫర్వాలేదు గాని బలిపీఠం దగ్గర తనను తలుచుకోమని కొడుకులను కోరింది. ఆ కొడుకుల్లో ఒకరే పునీత అగస్టీను. నవంబర్ 2 అనే తేదీ మాత్రం సుమారు వెయ్యేళ్ళ కిందట ఫ్రాన్సులోని క్లూనీ మఠాధిపతి ఒడిలో మొదలుపెట్టింది.

ఇదంతా నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అర్థమైంది మాత్రం 2021లో.

ఆ ఏడాది మేలో మన లెక్కల సార్ కరోనాతో పోయారు. వేదిక మీద ఆయన ఫొటో ఉంది, చూడండి. పెళ్ళి చేసుకోలేదు, పిల్లల్లేరు. సమాధి దగ్గర నలుగురే ఉన్నారు. నేను ఫోన్‌లో వీడియో చూశాను. ఆ నవంబర్‌లో సమాధి దగ్గరికి వెళ్తే ఆయన మేనకోడలు కలిసింది. సార్ ప్రార్థన పుస్తకంలో దొరికిందని ఒక కాగితం చూపించింది. నవంబర్‌లో మా ఇళ్ళల్లో పోయినవాళ్ళ పేర్లు కాగితం మీద రాసి చర్చిలో ఇస్తాం, నెలంతా వాళ్ళ కోసం పూజలో ప్రార్థిస్తారు. ఇదీ అలాంటి కాగితమే. మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. సార్ అమ్మానాన్నలు, అన్నలు, మన పాత హెడ్మాస్టరు గారు, గంట కొట్టే అటెండరు, ఆయమ్మ. కింద, మా తొమ్మిదో తరగతి బెంచిలో నా పక్కన కూర్చున్నవాడి పేరు.

వాడు కామెర్లతో పోయాడు. ఆస్పత్రిలో ఉన్నాడని తెలిసి కూడా పరీక్షలు అయ్యాక వెళ్దాంలే అనుకున్నాను. పరీక్షలు అయ్యేసరికి వాడు లేడు. ఆ సిగ్గుతో వాడి మాట ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఎత్తకపోగా మెల్లగా మర్చిపోయాను. ఇంటిపేరు సార్ కాగితంలో చూసి గుర్తు తెచ్చుకున్నాను. నలభై ఏళ్ళకు పైగా ఆ ఒక్క మనిషి, తన మతం కాని, తన బంధువు కాని పిల్లవాడి కోసం ఏటా దేవుణ్ణి అడిగారు. ఎవరికీ చెప్పలేదు.

క్రైస్తవుడు కానివాడి పేరు అక్కడ రాయొచ్చా అని మీలో ఎవరికైనా అనిపించవచ్చు. ఎవరి విశ్వాసం దేవుడికొక్కడికే తెలుసో వాళ్ళ కోసం కూడా ప్రార్థించే మాట మా పూజలోనే ఉంది. సార్‌కు ఆ మాట సరిపోయింది.

పోయినవాళ్ళకు మనం పడ్డ బాకీ ఇక తీరదు అనుకుంటాం. సార్ అలా అనుకోలేదు. చూడ్డానికి వెళ్ళనివాడు, చివరి మాట మాట్లాడనివాడు, మన్నించమని అడగనివాడు కూడా ఇంకా చేయగలిగిన పని ఒకటుంది. పేరు పెట్టి తలుచుకుని, వాళ్ళ మేలు కోరడం. ఇప్పుడు నేను ఏటా సార్ పేరు, వాడి పేరు రాస్తున్నాను.

ఈ సభ కోసం జాబితా తయారు చేద్దామని మన సంఘం రిజిస్టరు తీశాం. చిరునామాలున్నాయి, చందా రసీదులున్నాయి. ఎవరు పోయారో లేదు. ఉత్తరాలు తిరిగొస్తే తప్ప మనకు తెలియడం లేదు. ఇది ఎవరి తప్పూ అని కాదు, అందరి తప్పు. దొరికినన్ని పేర్లు ఈ సంచికలో వేస్తున్నారు. తప్పిపోయినవి మీరు రాసి పంపండి. ఉపాధ్యాయులు, విద్యార్థులే కాదు, అటెండర్లు, ఆయమ్మలు, గేటు దగ్గర జామకాయలు అమ్మిన ముసలమ్మ కూడా. ఏటా ఒక రోజు ఆ పేర్లు చదువుదాం.

ఇప్పుడు దయచేసి లేచి నిలబడండి. ఫాతిహా చదివేవాళ్ళు ఫాతిహా చదవండి, చేతులు జోడించేవాళ్ళు జోడించండి. రెండు నిమిషాల మౌనం సరిపోదు, కొంచెం ఎక్కువే పడుతుంది. ఒక్కొక్క పేరూ చదువుతాను. మొదటిది సార్ పేరు. రెండోది నా బెంచివాడిది.