ఆరోగ్యవంతుని గుండెను కూడ పరీక్షింపవలెను

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో ఒక వైద్యాధికారి చేసిన ప్రసంగము)



మంచినీటి బావి చెడిపోయినచో ఊరంతటికిని తెలియును. రక్తపు పోటు అట్లు కాదు. అది ఏండ్ల తరబడి మనిషిలో నుండియు, చాలమందికి ఏ బాధయు కలిగింపదు. నేను పనిచేసిన ఒక గ్రామములో ఏబదియేండ్లు దాటిన కౌలురైతు ఒకరు తలనొప్పి యని వచ్చిరి. ఆయన పోటు 180/110 ఉండెను. మాత్రలు ఇచ్చితిమి. తలనొప్పి తగ్గినది, వ్యాధి పోయినదని తలచి ఆయన మాత్రలు మానివేసిరి. ఆ యేడే నాట్ల కాలములో పొలము గట్టున కూలిపోయిరి. పక్షవాతము వలన కుడిచేయియు, మాటయు పడిపోయినవి. కౌలు వదలుకొనవలసి వచ్చెను. కుమార్తె చదువు మానెను. ఆయన మందు మానిన సంగతి ఊరిలో ఎవ్వరికిని తెలియదు; మాకును తెలియదు. నేటి నా ప్రసంగము ఆ తెలియకపోవుటను గురించియే.

వైద్యుడు గుండెను పరీక్షించునపుడు మొదట నాడి పట్టి, అది క్రమముగా కొట్టుకొనుచున్నదో లేదో చూచును. మెడలోని సిర ఉబ్బినదా, పాదమును వ్రేలితో నొక్కిన గుంట పడుచున్నదా అని చూచును. ఎడమవైపు ఐదవ ప్రక్కటెముకల సందున గుండె తాకిడిని చేతితో గుర్తించును; గుండె పెరిగినచో ఆ తాకిడి ప్రక్కకు జరుగును. పిమ్మట స్టెతస్కోపుతో కవాటముల చప్పుడు వినును. అవసరమైన ఇ.సి.జి. తీయించును. ఇవన్నియు ముఖ్యమైనవే. కాని ఇవి చాలవరకు ఇదివరకే కలిగిన చెరుపును తెలుపును. ఇ.సి.జి. బాగున్నంత మాత్రమున రాబోవు ప్రమాదము లేదని చెప్పజాలము.

రాబోవు ప్రమాదమును అంచనా కట్టుటకు మరియొక పద్ధతి గలదు. వయస్సు, పొగాకు అలవాటు, రక్తపు పోటు, మధుమేహము, కొలెస్టరాలు, వీటిని విడివిడిగా గాక, ఒక్కటిగా చేర్చి చూడవలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సవరించిన పట్టికలు 40 మొదలు 74 ఏండ్ల వయస్సు వారికి రాబోవు పదియేండ్లలో గుండెపోటుగాని పక్షవాతముగాని వచ్చు అవకాశమును తెలుపును. ఒకరి అంచనా నూటికి 20 అన్నచో, అట్టివారు నూరుగురిలో సుమారు ఇరువదిమందికి పదియేండ్లలో ఆ ముప్పు కలుగునని భావము. ఇద్దరికిని పోటు 150 ఉండవచ్చును. ఒకరు నలువదియేండ్లవారు, ఏ అలవాటును లేనివారు. రెండవవారు అరువదియేండ్లవారు, చుట్ట త్రాగువారు, మధుమేహము గలవారు. అంకె ఒక్కటే, ప్రమాదము వేరు. రక్తపరీక్షకు వీలులేని చోట ఎత్తు, బరువు కొలిచి లెక్కించు పట్టికయు గలదు.

మన గ్రామములలో 30 ఏండ్లు నిండిన వారందరి వివరములను ఆశా కార్యకర్త ఒక పత్రములో వ్రాయవలసి యున్నది. నడుము కొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించినచో అందులో మార్కు పడును. మొత్తము 4 మించినవారిని ముందుగా పరీక్షకు పంపవలెను. తక్కినవారికిని పరీక్ష అవసరమే.

పోటును కొలుచుటలో తొందర పనికిరాదు. అంతకు ముందు అరగంటసేపు కాఫీ, టీ, బీడీ ముట్టరాదు. వీపున కానుకొని, పాదములు నేలనాన్చి, అయిదు నిమిషములు మౌనముగా కూర్చుండవలెను. చేయి గుండె ఎత్తున ఉండవలెను. పట్టీని చొక్కాపై చుట్టరాదు. రెండుసార్లు కొలువవలెను. వేర్వేరు దినములలో 140/90 గాని, అంతకు మించి గాని ఉన్నచో చికిత్సకై వైద్యుని చూడవలెను.

ఇక మీ కర్తవ్యము. 1992లో చేసిన 73వ రాజ్యాంగ సవరణ ప్రకారము పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో ఆరోగ్యమును ఒకటి. ఉపకేంద్రములో నీడయు, కుర్చీయు, సరిగా పనిచేయు పోటు యంత్రమును ఉన్నవా అని విచారింపుడు. మగవారు పొలము పనులలో ఉందురు గనుక పరీక్షలు ప్రొద్దుటనో సాయంకాలముననో జరుగునట్లు చూడుడు. మాత్రలు నెలనెల అందుచున్నవా, తీసికొనుటకు రానివారెందరు అని అడుగుడు. పేర్లు అడుగవలదు, వ్యాధి సంగతి రోగి సొంత విషయము. రానివారి ఇంటికి పోవుట ఆరోగ్య కార్యకర్త పని. ఉప్పు దినమునకు అయిదు గ్రాములకు, అనగా ఒక చిన్న చెంచాకు, మించరాదని చాటింపుడు. ఊరగాయ, అప్పడము, ఎండుచేపలలోని ఉప్పును ఆ లెక్కలోనిదే.

ఛాతీలో బరువు, ఎడమచేతికో దవడకో ప్రాకు నొప్పి, చెమటలు కలిగినచో గాలినొప్పి యని సోడా త్రాగించి కాలము గడపరాదు. మూతి వంకరపోయినను, మాట తడబడినను, చేయి పడిపోయినను అంతే. వెంటనే 108కి ఫోను చేయవలెను.

ఆ రైతు మందు మానిన నెలలోనే ఒకరు ఆయన వాకిట నిలిచి, మాత్రలు తీసికొనలేదేమని అడిగియుండినచో, ఆయన బహుశః నేటికిని తన పొలములో నుండెడివారు. మీ గ్రామములో అట్లు అడుగువారుండునట్లు చూడవలసినదిగా మిమ్ములను కోరుచు, సెలవు తీసికొనుచున్నాను.