పరుగు, సంకల్పం, రోగి మంచం



అల్లాహ్‌ను స్తుతించి, ఆయన అంతిమ ప్రవక్త (స)పై దరూద్ పంపి మన మాట ప్రారంభిస్తున్నాం.

దక్షిణాఫ్రికాలో 1921 నుండి కామ్రేడ్స్ అనే పరుగు జరుగుతున్నది. డర్బన్, పీటర్‌మారిట్స్‌బర్గ్ నగరాల నడుమ దాదాపు 90 కిలోమీటర్లు. 12 గంటలలో ముగించాలి. పాల్గొనేవారిలో అనేకులు ఆ పరుగు పేరిట బంధుమిత్రుల వద్ద విరాళాలు సేకరించి సేవాసంస్థలకు అందజేస్తారు. ఇటువంటి పరుగుల వల్ల హాస్పిస్‌లకు, అనగా నయంకాని వ్యాధితో చివరి దినాలు గడిపేవారి బాధను తగ్గించే కేంద్రాలకు, ధనం సమకూరుతున్నది. శరీరాన్ని ఇంతగా శ్రమపెట్టి తెచ్చిన సొమ్ము సత్కార్యమవుతుందా?

పరుగు మనకు పరాయిది కాదు. ప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (ర)తో పరుగు పందెం వేశారు. దప్పికగొన్న పసివాని కోసం హజ్రత్ హాజిరా (అ) సఫా, మర్వా గుట్టల మధ్య ఏడుమార్లు తిరిగిన తీరునే హాజీలు నేటికీ సయీగా ఆచరిస్తున్నారు. అయితే కాలినడకన వెళతానని మొక్కుకున్న ఒక వృద్ధుడు ఇద్దరు కుమారులపై వాలి ఈడ్చుకుంటూ పోవడం చూసి, అతడు తనను హింసించుకోవడం అల్లాహ్‌కు అక్కరలేదని చెప్పి, వాహనమెక్కమన్నారు ప్రవక్త (స). కనుక కాలి బొబ్బలు ఆరాధన కావు. హాజిరా (అ) దృష్టి తన అలసటపై లేదు, బిడ్డ దాహంపై ఉన్నది. తగిన శిక్షణతో, నమాజులు తప్పక, పేరుప్రతిష్ఠలు కోరక పరుగెత్తితే అది దాతల చేతులు తెరిపించే మంచి సాధనం. అంతవరకే.

ఆ సొమ్ము ఏమవుతుంది? పుండుకు కట్టు అవుతుంది, నర్సు రాకపోకలకు ఖర్చవుతుంది, మార్ఫిన్ మాత్ర అవుతుంది. మార్ఫిన్ మత్తుమందు కదా అని మన కుటుంబాలు కొన్ని వెనుకాడుతుంటాయి. వైద్యుడు నిర్ణయించిన మోతాదులో నొప్పి తగ్గడానికి వాడేది మత్తు కోసం కాదు. అవసరాన్నిబట్టి పండితులు దానిని అనుమతించారు. తల్లిదండ్రులను నొప్పితో మూలుగుతూ ఉండనివ్వడం భక్తి అనిపించుకోదు.

పరుగెత్తలేనివారి మాటేమిటి? కేరళలోని కోళికోడ్‌లో 1993లో ఉపశమన సేవ మొదలైంది. తరువాత, ముస్లింలు అధికసంఖ్యలో ఉన్న మలప్పురం జిల్లాలో ఇరుగుపొరుగువారే శిక్షణ పొంది, చిన్న చిన్న చందాలతో రోగుల ఇళ్ళకు వెళ్ళే పద్ధతి విస్తరించింది. దానికి 90 కిలోమీటర్లు అక్కరలేదు, రెండు వీధులు నడిస్తే చాలు. రోగగ్రస్తుడైన నా దాసుణ్ణి నీవెందుకు పరామర్శించలేదని ప్రళయదినాన అల్లాహ్ అడుగుతాడని ప్రవక్త (స) తెలిపారు. మన మొహల్లాలో మంచం పట్టినవారెవరో ఈ వారమే కనుక్కుందాం.

అల్లాహ్! నొప్పితో నిద్రపట్టని రోగులకు ఈ రాత్రి ఉపశమనం ప్రసాదించు. వారిని కనిపెట్టుకుని ఉన్నవారికి ఓర్పునివ్వు. ఆమీన్.